ఖాకీ చొక్కా, అత్తగారి చీర, ఒక బొంత

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. మావారు ఆర్టీసీలో బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం పోయారు. బీరువాలో ఆయన ఖాకీ చొక్కాలు ఆరు, మా అత్తగారి చీరలు తొమ్మిది ఉన్నాయి. నేను ఇన్నేళ్లుగా దాచిన జాకెట్టు ముక్కల మూట కూడా ఒకటి ఉంది. వీటితో బొంతలు కుట్టాలన్న కోరిక ఈ మధ్యనే పుట్టింది. అత్తగారి రెండు చీరల నుంచి, ఆ మూట నుంచి 40 ముక్కలు కత్తిరించాను. అంచులు కలిపి కుడితే మధ్యలో ఉబ్బుతోంది. మావారి చొక్కాల మీద కత్తెర పెట్టడానికి మాత్రం చేయి ఆడటం లేదు. మా అక్కయ్య “అతుకుల బొంత కప్పుకునే కర్మ మనకేమిటి? పోయినవాళ్ల బట్టలు పసివాళ్లకు కప్పుతారా?” అంటోంది. వెయ్యి రూపాయలు పెడితే కొత్త దుప్పటి వస్తుంది కదా అని మా అబ్బాయి అంటున్నాడు. మోకాళ్ల నొప్పుల వల్ల నేను కింద కూర్చోలేను. ఎక్కడ మొదలుపెట్టాలి? చొక్కాల గుండీలు ఏం చేయాలి?
— ఒక సోదరి, కాకినాడ

సమాధానం: సోదరికి నమస్కారం.

మీరు అడిగిన వాటిలో తేలికైనది ముక్కలు కలవకపోవడం, కాబట్టి దానితోనే మొదలుపెడతాను. ఆ 40 ముక్కలను పారేయవద్దు, కొలత కోసం మళ్లీ కత్తిరించనూ వద్దు. అంచుకు అంచు కలిపి కుట్టే పద్ధతికి కచ్చితమైన కొలత కావాలి. 5 అంగుళాల చదరపు ముక్కలు 64 తీసుకొని, ప్రతి అంచునా కుట్టు కోసం పావు అంగుళం వదిలి, వరుసకు 8 చొప్పున 8 వరుసలు కలిపితే 36 అంగుళాల చదరపు బొంత తయారవుతుందని ఆ పద్ధతి లెక్క. ఒక్కో అతుకు దగ్గర అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ లోపలికి పోయినా, ఏడు అతుకులకు కలిపి ఆ వరుస దాదాపు ఒక అంగుళం పొట్టిదవుతుంది. పక్క వరుస అంత పొట్టి కాకపోతే ఆ మిగులు గుడ్డ ఉబ్బుగా తేలుతుంది. దీనికి తోడు, కంటి అంచనాతో కత్తిరించినప్పుడు గుడ్డ పడుగు (నిలువు పోగులు) వెంటనో పేక (అడ్డ పోగులు) వెంటనో కాకుండా ఏటవాలుగా తెగి ఉంటే, ఆ అంచు చేతితో పట్టుకోగానే సాగుతుంది. సాగే అంచునూ సాగని అంచునూ జతచేస్తే ఎంత చేయి తిరిగినవారికైనా చదునుగా రావడం కష్టం.

మన ఇళ్లలో పెద్దవాళ్లు బొంతలు కుట్టిన తీరు వేరు. మా అమ్మమ్మగారి ఊళ్లో ఎండాకాలం పొలం పనులు లేని రోజుల్లో వసారాలో చాప వేసి, దాని మీద పాత చీరను మడతగా పరిచి, ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టేవారు. చిరిగినచోట, పలచబడినచోట పైన మరో గుడ్డ పరిచి, నలుగురు నాలుగు వైపులా కూర్చుని కుట్టుకుంటూ మధ్యకు చేరుకునేవారు. ఏ ముక్క ఎంత ఉండాలో ముందుగా కొలిచినవారు ఒక్కరూ లేరు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, కొన్ని శతాబ్దాల క్రితం ఆఫ్రికా నుంచి మన దేశానికి వచ్చినవారి సంతతి అయిన సిద్దీ స్త్రీలు కుట్టే “కవంది” అనే బొంతలదీ ఇదే దారి. వారు అడుగున చీర పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక ముక్క అంచును మరో ముక్క కప్పేటట్లు వేసుకుంటూ, చుట్టూ తిరిగి లోపలికి వస్తారు. పూర్తయ్యాక నాలుగు మూలలా చిన్న గుడ్డను ముక్కోణంగా మడిచి పువ్వులా కుడతారు. ఆ పువ్వు లేని బొంత ఒంటి మీద బట్ట లేని మనిషి లాంటిదని వారి భావన. మీ ముక్కలకు నేను సూచించేది ఈ పద్ధతే.

మీ అత్తగారి నూలు చీరల్లో బాగా మెత్తబడిన ఒకదాన్ని తీసుకోండి. చీర సుమారు 5.5 మీటర్లు ఉంటుంది కనుక సగానికి చింపితే 2.75 మీటర్ల తుంపు వస్తుంది. దాన్ని మళ్లీ సగానికి మడిస్తే దాదాపు 54 అంగుళాల పొడవు, 46 అంగుళాల వెడల్పు గల రెండు పొరల అడుగు సిద్ధమవుతుంది. కుర్చీలో కూర్చుని ఒడిలో కప్పుకోవడానికి అది చక్కగా సరిపోతుంది, మొదటి బొంతకు అంతకు మించిన కొలత పెట్టుకోవద్దు. రెండు పొరలూ జరగకుండా, దర్జీలు కచ్చా కుట్టు అనే పొడవాటి వదులు కుట్లను మధ్య నుంచి అంచుల వైపుకు వేయండి. తరువాత ఒక మూల దగ్గర మొదటి ముక్కను పెట్టి, దాని బయటి అంచులను పావు అంగుళం లోపలికి మడిచి కుట్టండి. రెండో ముక్క మొదటిదాని మీదికి అర అంగుళం ఎక్కాలి, పైకి ఎక్కిన అంచును లోపలికి మడవాలి. సూదిని కిందికి దింపి పైకి తీస్తూ సాగే సాదా కుట్టు చాలు. ముక్కను అడుగుకు పట్టించేది ఆ కుట్టే, పొరలన్నిటినీ కలిపి ఉంచేదీ అదే. చుట్టూ ఒక వరుస పూర్తయిన ప్రతిసారీ బొంతను బల్ల మీద పరిచి అరచేతితో మధ్యకు నిమరండి. గుడ్డ ఎక్కడ తేలుతోందో చేతికే తెలుస్తుంది, తరువాతి ముక్కను ఆ మేరకు సరిచేసుకోవచ్చు. మీ దగ్గరున్న 40 ముక్కలు బహుశా సగానికి కూడా రావు. మిగతావి ఇప్పుడే కత్తిరించి పెట్టుకోవద్దు, ఖాళీ ఎంత మిగిలిందో చూసి ఎప్పటికప్పుడు కత్తిరించుకోండి.

కింద కూర్చోవలసిన పని కూడా ఇందులో లేదు. కుర్చీలో కూర్చుని, కుట్టవలసిన అంచును ఒడిలోకి తీసుకొని, మిగతా బరువును పక్కనున్న మంచం మీదనో బల్ల మీదనో ఉంచితే సరిపోతుంది. దారం మూరెడుకు మించి తీసుకోవద్దు, అంతకంటే పొడవైతే చిక్కుపడుతుంది, గుడ్డలోంచి మాటిమాటికీ లాగడం వల్ల నలిగి తెగుతుంది. నూలు దారమే వాడండి. దారం గుడ్డ కంటే గట్టిదైతే కాలక్రమంలో గుడ్డనే కోస్తుంది. తెగిన దారాన్ని ఒక సాయంత్రంలో మళ్లీ కుట్టుకోవచ్చు, తెగిన గుడ్డకు మాత్రం మరో ముక్క వెతుక్కోవాలి.

ఈ పని ఎంత సమయం తీసుకుంటుందో ముందే చెప్పడం మంచిది. అర అంగుళం ఎడంతో వరుసలు వేస్తే ఈ చిన్న బొంతలోనే మొత్తం కుట్టు పొడవు 125 మీటర్ల దాకా వస్తుంది. రోజుకు ఒక గంటలో రెండు మీటర్లు కుట్టగలిగినా రెండు నెలల సాయంత్రాలు పడుతుంది. చాలామంది మొదటి వారంలోనే నీరసపడి మానేసేది పని కష్టమై కాదు, పది రోజుల్లో అయిపోతుందని అనుకోవడం వల్ల.

ఇక గుడ్డల సంగతి. రంగులు కలిశాయా లేదా అని చాలామంది బెంగపడతారు కానీ, నేనైతే ముందు బరువు కలిసిందా అని చూస్తాను. మీ దగ్గర ఖాకీ ఉంది, నూలు చీర ఉంది, జాకెట్టు ముక్కలున్నాయి. దళసరి ఖాకీని పలచబడిన చీర ముక్కకు నేరుగా జతచేస్తే, కప్పుకొని లాగిన ప్రతిసారీ ఆ బరువంతా చీర ముక్క మీద పడి, కుట్టు పక్కనే అది చిరుగుతుంది. ఖాకీ పక్కన వచ్చే చీర ముక్కను రెండు మడతలుగా వేయండి, లేదా ఖాకీని చుట్టూ పట్టీగా ఉంచి చీర ముక్కలను మధ్యకు తీసుకోండి. అన్నిటినీ కుట్టడానికి ముందే ఉతికి ఆరవేయాలి. కొత్త నూలు గుడ్డ ఉతికితే కుంచించుకుంటుంది, ముదురు ఎరుపులు, నీలాలు రంగు వదులుతాయి. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూస్తే రంగు దిగేదీ లేనిదీ అప్పుడే తెలిసిపోతుంది.

జాకెట్టు మూటలో ఏది నూలో ఏది పాలిస్టరో చూపుకు తెలియకపోతే, నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకొని, కింద నీళ్ల గిన్నె పెట్టుకొని వెలిగించండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది, పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పాలిస్టర్ ముక్కలను విడిగా పెట్టండి, అవి చెమట పీల్చవు, వేడి ఇస్త్రీకి కరుగుతాయి. అత్తగారి చీరల్లో గద్వాల ఉంటే దాని ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు అని గుర్తుంచుకొని వాటిని వేరుచేయండి. పాత పట్టు మడతల వెంట పొడిబారి చీలుతుంది కనుక తరచూ ఉతికే బొంతలో అది నిలవదు, దిండు గలీబుకైతే పనికొస్తుంది.

రంగుల గురించి ఒక్క మాటే చెబుతాను. ఎరుపు పక్కన పచ్చ పెట్టవచ్చా అని ఆలోచించే బదులు, లేతదీ ముదురుదీ ఎక్కడెక్కడ పడుతున్నాయో చూడండి. కళ్లు సగం మూసి చూసినా, ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసుకున్నా అది వెంటనే తెలుస్తుంది. ఒకే చోట ముదురు ముక్కలన్నీ గుమిగూడితే అక్కడ బొంతకు చిల్లు పడినట్లు కనిపిస్తుంది, వాటి నడుమ ఒక లేత ముక్క వేస్తే చాలు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం చొక్కాల గురించినది. కత్తెర పెట్టడానికి చేయి ఆడకపోతే కత్తెర పెట్టవద్దు. విప్పండి. దర్జీ ఏ వరుసలో కుట్టాడో దానికి ఎదురు వరుసలో, ముందు జేబు, తరువాత కాలరు, తరువాత చేతులు, చివర పక్కల కుట్లు, ఒక్కొక్కటిగా బ్లేడు మొనతో కోస్తూ విప్పండి. ఒక చొక్కాకు రెండు మూడు సాయంత్రాలు పట్టనివ్వండి. జేబు విప్పిన చోట, చొక్కా మిగతా ఒళ్లంతా వెలిసిపోయినా, ఆ జేబంత మేర ఖాకీ కొత్తగా కొన్ననాటి రంగులో ముదురుగా కనిపిస్తుంది. డ్రైవరుకు కుడి చేయి కిటికీ వైపు ఉంటుంది కనుక కుడి చేతి గుడ్డ ఎడమదానికంటే ఎండకు ఎక్కువ వెలిసి ఉండవచ్చు, రెండు చేతులూ పక్కపక్కన పరిచి చూడండి. ఆయన రోడ్ల మీద గడిపిన ఏళ్లు ఆ గుడ్డలో అలా ఉండిపోయాయి. ఆ ముదురు చదరాన్ని, వెలిసిన చేతిని అలాగే బొంతలోకి తీసుకోండి, వెలిసిందని తిరగేసి కుట్టవద్దు. విప్పడం పూర్తయ్యేసరికి మీ ముందున్నది చొక్కా కాదు, ఏడెనిమిది గుడ్డ ముక్కలు. అప్పటికి కత్తెర అవసరం చాలామటుకు తీరిపోయి ఉంటుంది. ఆరు చొక్కాల్లో ఒకదాన్ని మాత్రం విప్పకుండా మడిచి దాచుకోండి. ఇది నా సలహా మాత్రమే, కానీ గట్టి సలహా.

ఈ పని మీకంటే ముందు చేసినవారున్నారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో, నది వంపులో ఉన్న జీస్ బెండ్ అనే పల్లెలో, బానిసత్వం నుంచి బయటపడి కౌలు సేద్యంతో బతికిన నల్లజాతి కుటుంబాల స్త్రీలు, చిరిగిన పని బట్టలతోనూ సంచి గుడ్డలతోనూ బొంతలు కుట్టేవారు. 1942లో మిస్సూరీ పెట్‌వే అనే ఆవిడ, చనిపోయిన తన భర్త పని బట్టలను చింపి, ఆయన గుర్తుగా, ఆయన మీది ప్రేమతో కప్పుకోవడానికి ఒక బొంత కుట్టారు. ఆ బట్టలు చింపడంలో తల్లికి తోడున్న కుమార్తె ఆర్లోంజియా చాలా ఏళ్ల తరువాత ఈ సంగతి చెప్పారు. ఆ ఊరి బొంతలను 2002లో హ్యూస్టన్‌లోని కళా సంగ్రహాలయంలో గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు, ఆ తరువాత న్యూయార్క్‌కు తీసుకువెళ్లారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో పది బిళ్లలు విడుదల చేసింది. అయితే కుట్టిననాడు ఆ స్త్రీల మనసులో ఉన్నది చలి, ఇంట్లో పడుకునే పిల్లలు, పోయిన మనిషి.

మీ అక్కయ్యగారి మాటల్లో రెండు విషయాలున్నాయి, రెంటినీ విడదీసి చూడాలి. బొంత లేమి లోంచి పుట్టిందన్నది నిజమే, దాన్ని కాదనడం పెద్దవాళ్ల కష్టాన్ని దాచడమే అవుతుంది. మన భాషలో కూడా పొందిక లేనిదాన్నల్లా “అతుకుల బొంత” అని తీసిపారేయడం అలవాటైంది. అదే భాష పుట్టిన బిడ్డను పొత్తిగుడ్డల్లో పెట్టేటప్పుడు మాత్రం కొత్త గుడ్డ వద్దంది, పది కాలాలు ఉతికి మెత్తబడిన అమ్మమ్మ చీరనే వెతికింది. బుద్ధుడు మగధ దేశంలో గట్లతో విడివడిన వరి మళ్లను చూపించి, భిక్షువులు కట్టుకునే చీవరాలను ఆ తీరులో కత్తిరించి కుట్టగలవా అని శిష్యుడు ఆనందుణ్ణి అడిగాడని, ఆనందుడు అలాగే కుట్టి చూపించాడని బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం చెబుతోంది. కాకినాడ నుంచి కోనసీమ వైపు వెళ్తే మీకు కనబడేవి ఆ మళ్లే కదా. అతుకు పెట్టిన బట్టను బుద్ధుడు హీనంగా చూడలేదు.

పోయినవారి బట్టలు పసివారికి కప్పకూడదన్న మాట వేరు. అది ఒక్కో ఇంటి ఆచారం, దాని మీద వాదించి గెలిచినా ఇంట్లో మనసులు నొచ్చుకుంటాయి. మొదటి బొంతను మీ కోసమే కుట్టుకోండి, ఖాకీ అంతా దానిలోకే రానివ్వండి. మనవడికో మనవరాలికో కుట్టేటప్పుడు మీ జాకెట్టు ముక్కల్లో మెత్తటి నూలువి, మీ సొంత చీరలు వాడండి. అక్కయ్యగారినే ఒక పాత చీర ఇవ్వమని అడగండి. తన చీర ముక్క అందులో పడ్డాక ఆవిడ అభిప్రాయం మారడానికి అవకాశం ఉంది, మా ఇంట్లో మా ఆడపడుచు విషయంలో అలాగే జరిగింది.

అబ్బాయి చెప్పిన లెక్క తప్పు కాదు. చలికే అయితే కొత్త దుప్పటి కొనుక్కోవచ్చు. మీకు ఆ రెండు నెలల సాయంత్రాలు కావాలని ఆయనకు చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఆ సాయంత్రాలు ఎలా ఉంటాయో నా అనుభవంతో చెప్పగలను. మూట విప్పి ముక్కలు వేరుచేయడమే ఒక మధ్యాహ్నం పడుతుంది, ఎందుకంటే ప్రతి ముక్క దగ్గరా మనసు ఆగుతుంది. నేను ఇప్పుడు కప్పుకుంటున్న బొంతలో, ఎడమ అంచుకు దగ్గరగా, చిలకపచ్చ మీద తెల్ల చుక్కల ముక్క ఒకటుంది. అది మా చెల్లెలి పరికిణీది. అది కట్టుకుని ఎక్కడికి వెళ్లామన్నది ఫోనులో మాట్లాడుకున్నప్పుడల్లా మా ఇద్దరికీ వాదమే, అన్నవరం అని నేను, సామర్లకోట అని తను. కుట్టేటప్పుడు చేతులకు పని ఉంటుంది, చెవులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఇంట్లోవాళ్లు వచ్చి పక్కన కూర్చుని మాట్లాడతారు. వీధిలో నలుగురికి తెలిసిందంటే ముక్కలు వాటంతటవే వస్తాయి. దర్జీ కొట్టులో రోజూ ఊడ్చి పారేసేదాంట్లో నూలు ముక్కలు ఏరుకోనివ్వమని అడిగితే మా వీధి దర్జీ ఇప్పటి వరకు కాదనలేదు. వంకరగా వచ్చిన కుట్టును విప్పాలా వద్దా అన్న మీమాంస మొదటి నెలంతా ఉంటుంది. నేను పెట్టుకున్న నియమం ఇది: గుడ్డ ముడతపడితే విప్పుతాను, వరుస వంకరైతే వదిలేస్తాను.

బొంత పూర్తయ్యాక బీరువాలో మాత్రం పెట్టవద్దు. ఆ రాత్రి నుంచే కప్పుకోండి, నెల తిరిగాక ఉతకండి. చల్లటి నీళ్లలో, సబ్బు తక్కువ వేసి, పిండకుండా, తీగ మీద ఒకే చోట బరువు పడకుండా రెండు తీగల మీద పరిచి నీడన ఆరవేయండి. ఆరిన బొంతను వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూస్తే ఏ ముక్క నిలిచిందో, ఏ కుట్టు వదులైందో, ఏ గుడ్డ ఇక పనికిరాదో బొంతే చెబుతుంది. రెండో బొంతకు కావలసిన పాఠాలు అక్కడ ఉంటాయి, నేను రాసిన దాంట్లో సగం మీకు అప్పుడు అవసరం ఉండదు. చిరిగినచోట పైన మరో ముక్క వేసి కుట్టండి.

గుండీల సంగతి. పసివాళ్లు వాడే బొంతల మీద గుండీలు కుట్టవద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. మీ సొంత బొంతకైతే నాలుగు మూలలా సిద్దీల పువ్వులకు బదులుగా ఆయన చొక్కా గుండీలు నాలుగు కుట్టుకోవచ్చు. జేబు కూడా ఒకటి విప్పకుండా గుడ్డతో సహా తీసుకుంటే, కుడిచేతికి అందే చోట కుట్టి అందులో కళ్లజోడు పెట్టుకోవచ్చు. మొదటిసారి ఉతికి ఆరేసిన తరువాత ఏ ముక్క ముందుగా చిరిగిందో నాకు ఒక ఉత్తరం రాయండి. చీర ముక్కే అయి ఉంటుందని, ఖాకీ మాత్రం చెక్కు చెదరదని నా అంచనా.